డెల్టా తరంగము – సుషుప్తి : లక్షణ విచారము

విజయవాడ ప్రాంతీయులకు 'డెల్టా' యను మాట క్రొత్తది కాదు. 1855లో కృష్ణానదిపై ఆనకట్ట పూర్తియై ఇరుదరుల కాలువలు పారినది మొదలు ఈ గ్రీకు పదము రైతుల నోట తెలుగు పదమై నిలిచినది. సముద్రమునకు చేరువలో నది చీలి, మేటవేసిన నేల ముక్కోణపు రూపము దాల్చును. గ్రీకు వర్ణమాలలో నాలుగవదగు డెల్టా అక్షరమును ముక్కోణముగనే యుండును. ఆ సాదృశ్యమే నేలకు ఆ పేరు తెచ్చినది. అదే అక్షరము మానవ మస్తిష్కమున పుట్టు ఒక విద్యుత్తరంగమునకును పేరైనది. కాని అచట ముక్కోణముతో నిమిత్తము లేదు. అది కేవలము సంకేతము.

స్వప్నరహితమని చెప్పబడు గాఢనిద్రలో ఈ తరంగము ప్రధానముగా గోచరించును. అందుచేత 'డెల్టా తరంగమే సుషుప్తి. మాండూక్యము చెప్పినదానిని నేడు యంత్రము నిరూపించినది' అను వాదము వేదాంతోపన్యాసములలో వినవచ్చుచున్నది. ఈ వాదము శాస్త్రగౌరవమును పెంచునదిగా తోచును. నిజముగా పెంచునా, లేక రెండు శాస్త్రములకును హాని చేయునా యన్నది ఇచట విచార్యము.

విషయము

జర్మనీ దేశమున యేనా నగరమునందు హాన్స్ బెర్గర్ అను వైద్యుడు 1924లో మానవుని మస్తిష్కమునందలి విద్యుత్ప్రవృత్తిని తొలుత లేఖనము చేసెను. 1929లో దానిని ప్రకటించెను. ఆల్ఫా, బీటా అను తరంగనామములు ఆయన పెట్టినవే. ఈ లేఖనమునే నేడు ఈ.ఈ.జీ. అందురు. 1936లో ఇంగ్లండున గ్రే వాల్టర్ అను శాస్త్రజ్ఞుడు మెదడులో కంతి పెరిగిన రోగుల లేఖనములను పరిశీలించి, కంతికి చేరువ నుండి వచ్చు మందగతి తరంగములను గుర్తించి, వానికి డెల్టా యని పేరిడెను. ఈ నామకరణము నిద్రను చూచి చేసినది కాదు, రోగమును చూచి చేసినది. ఈ విషయము మున్ముందు ఉపకరించును.

1937లో అమెరికాలో లూమిస్ మొదలగువారు నిద్రను లేఖనభేదముచే అంతరువులుగా విభజించిరి. 1953లో చికాగో నగరమున అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనువారు నిద్రలో కనుగ్రుడ్లు వడిగా కదలు ఒక దశను కనుగొనిరి. ఆ దశలో లేపినవారు తరచుగా కలలు చెప్పుటచే అది స్వప్ననిద్రగా ప్రసిద్ధమైనది. తక్కినది స్వప్నరహితనిద్ర యన్న వ్యవహారము ఆనాటి నుండి వచ్చినది. అందు రెండవ అంతరువున కదురును పోలిన చిన్న తరంగగుచ్ఛములును, మూడవ అంతరువున డెల్టా తరంగములును కనబడును. 2007లో కుదిరిన నియమము ప్రకారము ముప్పది సెకనుల లేఖనఖండములో ఐదవ వంతు గాని అంతకు మించి గాని ఈ తరంగములున్నచో అది గాఢనిద్ర. సెకనునకు అర మొదలు రెండు ఆవృత్తుల గతియు, 75 మైక్రోవోల్టులకు మించిన ఎత్తును ఉండవలెను. రాత్రి తొలిభాగమున ఇట్టి నిద్ర హెచ్చుగాను, తెల్లవారుజామున స్వప్ననిద్ర హెచ్చుగాను ఉండును.

ఈ తరంగము అంత పెద్దదిగా ఎట్లు పుట్టును? వేదపాఠశాలలో విద్యార్థులు ఒక్కొక్కరు ఒక్కొక్క పనసను వల్లించుచుండగా బయట నిలిచినవానికి కలకలమే వినబడును. అందరును ఒక్కమారు పలికి ఒక్కమారు ఆగినచో ధ్వని ఉప్పెనవలె లేచి అణగును. మెలకువలో నాడీకణములు వేరువేరు పనులలో నుండుటచే లేఖనమున చిన్న చిన్న వేగపు అలలు కనబడును. గాఢనిద్రలో లెక్కకు మించిన కణములు గుంపుగా మేల్కొని, గుంపుగా మౌనము వహించుచుండుటచే పెద్ద మందతరంగము పుట్టును. ఇది దేహమునకు హితకారి. ఎంత ఎక్కువసేపు మేల్కొనినచో తరువాతి నిద్రలో ఈ తరంగము అంత బలముగా వచ్చును. దేహవృద్ధికి కారణమగు గ్రంథిరసము విశేషముగా స్రవించుటయు తొలి గాఢనిద్రలోనే.

పూర్వపక్షము

మాండూక్యము సుషుప్తిని కోరికయు కలయు లేని స్థానముగా నిరూపించినది. డెల్టా తరంగము కలలేని నిద్రలో కనబడును. కావున డెల్టా తరంగవత్త్వమే సుషుప్తికి లక్షణమని పూర్వపక్షము.

సిద్ధాంతము

లక్షణమనగా అసాధారణధర్మము. ఆంధ్రుడగు అన్నంభట్టు కృతమైన తర్కసంగ్రహమును దీపికతో చదివిన బాలునకును లక్షణదోషములు తెలియును. గోవునకు కపిలవర్ణమును లక్షణముగా చెప్పినచో తెల్లని ఆవునందు అవ్యాప్తి; కొమ్ములుండుటను చెప్పినచో గేదెయందు అతివ్యాప్తి. డెల్టా లక్షణమునందు ఈ రెండు దోషములును కలవు.

ముందు అతివ్యాప్తి. మెదడున కంతి గలవారియందు, గాఢమైన అపస్మృతిలో పడినవారియందు, శస్త్రచికిత్సకై మత్తుమందు పుచ్చుకొన్నవారిలో అనేకులయందు మందతరంగములు కనబడును. తరంగమే సుషుప్తి యన్నచో వీరందరును సుషుప్తులే కావలెను. బ్రహ్మసూత్రములలో మూడవ అధ్యాయము రెండవ పాదమున మూర్ఛను గూర్చి ప్రత్యేకాధికరణము కలదు. అచట భగవత్పాదులు సుషుప్తుని, మూర్ఛితుని వేరుచేసి చూపిరి. నిద్రించువాని ముఖము ప్రసన్నము, శ్వాస సమము, చేతితో తట్టినంత మాత్రమున లేచును. మూర్ఛితుని దేహము వణకును, ముఖము భయంకరము, రోకటితో మోదినను లేవడు. కారణమును వేరు: ఒకటి శ్రమచే, మరియొకటి దెబ్బ మొదలగువానిచే కలుగును. యంత్రము లేని కాలమున ఇంత సూక్ష్మముగా చూపిన భేదమును, యంత్రము పేర నేడు చెరిపివేయుట ఆచార్యుని ఉద్ధరించుట యెట్లగును? ఆపదలో చేష్టలుడిగి పడియున్న రోగి బంధువులకు 'అతడు సుషుప్తి సుఖమందున్నాడు' అని చెప్పుట శాస్త్రసమ్మతము కాదు, వైద్యసమ్మతమును కాదు.

ఇక అవ్యాప్తి. వయస్సు పెరిగిన కొలది ఈ తరంగముల ఎత్తు తగ్గును. వృద్ధులలో కొందరి లేఖనమున నియమితమైన కొలతకు అందు తరంగములు మిక్కిలి స్వల్పము. వారును ఉదయమున లేచి, ఏమియు తెలియక సుఖముగా నిద్రించితిమని చెప్పుదురు. వారికి సుషుప్తి లేదనుట అనుభవవిరుద్ధము.

'కలలేని నిద్ర' యన్న పేరును నిర్దుష్టము కాదు. 1962లో ఫౌక్స్ అను పరిశోధకుడు కనుగ్రుడ్లు కదలని నిద్ర నుండి లేపినవారును ఆలోచనలను, దృశ్యములను చెప్పుదురని చూపెను. 2017లో సిక్లారి మొదలగువారు ప్రకటించిన పరిశోధన ఇంకను ముందునకు పోయినది. రెండు విధముల నిద్రలోను, మెదడు వెనుకభాగమున మందతరంగము తగ్గినపుడు నిద్రితుడు ఏదో అనుభవించినట్లు లేచి చెప్పుననియు, అచట అది బలముగా నున్నపుడు ఏమియు లేదని చెప్పుననియు వారు కనుగొనిరి. కనుక ఒకే మస్తిష్కమున ఒకవైపు డెల్టా యుండగా మరియొకవైపు స్వప్నానుభవము ఉండవచ్చును.

వేరొక భేదమును గమనింపదగినది. సుషుప్తిలో సర్వమును ఏకీభూతమగునని మాండూక్యసిద్ధాంతము. 2005లో మస్సిమిని మొదలగువారు గాఢనిద్రలోని మెదడును అయస్కాంతశక్తిచే ఒకచోట కదల్చి చూచిరి. మెలకువలో ఆ కదలిక దూరభాగములకు ప్రసరించెను. నిద్రలో కదల్చినచోటనే అణగిపోయెను. అనగా భాగముల నడుమ వార్త తెగినది. యంత్రము చూపునది విచ్ఛేదము, శ్రుతి చెప్పునది ఏకీభావము. ఇవి రెండును విరుద్ధములని తొందరపడి అననక్కరలేదు, ఒకటేయని అంతకన్న అనరాదు. ఒకటి దేహమును, మరియొకటి ప్రాజ్ఞుని గూర్చినది, విషయము వేరు.

మిగిలిన ప్రశ్న

సుషుప్తిలో జ్ఞానము కలదా యన్నది దర్శనముల అసలు వివాదము. మనస్సు పురీతత్తను నాడిలో ప్రవేశించుటచే త్వఙ్మనస్సంయోగము లేక జ్ఞానమే పుట్టదని నైయాయికులు. సుఖముగా నిద్రించితినన్నది లేచినపిమ్మట చేసిన అనుమానమే యని వారి మతము. అనుభవము లేక స్మరణము పుట్టదు గనుక, సుఖమును అజ్ఞానమును సాక్షి అనుభవించియే యుండవలెనని అద్వైతులు. యోగసూత్రకారుడు నిద్రను ఐదు వృత్తులలో ఒకటిగా లెక్కించెను.

ఈ వివాదము నేడు పాశ్చాత్య విద్వత్సభలకును చేరినది. 2014లో ఇవాన్ థాంప్సన్ తన గ్రంథమున న్యాయాద్వైతముల వాదమును వివరముగా చర్చించెను; 2016లో విండ్ట్, నీల్సన్ అనువారితో కలిసి, కలలేని నిద్రలో చైతన్యము లోపించునా యని మరల ప్రశ్నించెను. తరంగమును ఎంత నిశితముగా కొలిచినను, నిద్రితుడు ఏమి అనుభవించెనో తెలియుటకు అతనిని లేపి అడుగక తప్పదు. లేచినవాని పరామర్శమే ప్రమాణవిచారమునకు ఆరంభమని మన దర్శనములును అంగీకరించినవి. పరిశోధకులు నేడు నిలిచినచోటు అదియే.

ప్రయోజనము

తెనాలి శాస్త్రపరీక్షలకు కూర్చుండు విద్యార్థికిని, విజయవాడ వైద్యాలయమున లేఖనము చదువు వైద్యునకును ఈ విచారము సమానముగా ఉపకరించును. డెల్టా తరంగము నిద్రాగాఢతకు ఒక జ్ఞాపకము. శ్వాస, ముఖవర్ణము, లేపిన లేచుట మొదలగు ఇతరచిహ్నములతో కూడినపుడు మాత్రమే అది సద్ధేతువగును. సుషుప్తికి అది స్వరూపము కాదు, లక్షణమును కాదు. ఋషులు డెల్టా తరంగమును చెప్పలేదు. చెప్పలేదనుటచే వారికి లోపము రాదు. వారు అడిగిన ప్రశ్న వేరు. ఆ ప్రశ్నను సరియైన పరిభాషతో నేటి పరిశోధకుల ముందుంచుట పండితుల కర్తవ్యము.