వెబ్‌సైటు ఎవరి పేర నున్నది?

మిరపకాయలు, బెల్లము అమ్ముకొను మన సంఘములు కొన్ని వెబ్‌సైట్లు పెట్టించుకొనుచున్నవి, సంతోషమే. కాని దాని డొమైను, అనగా చిరునామా, ఎవరి పేర రిజిస్టరైనదో ఎందరు కార్యదర్శులు చెప్పగలరు? తయారుచేసినవాడే తన పేర, తన ఈమెయిలుతో తీసికొనియుండును. అతడు ఊరు విడిచినచో, కొనుగోలుదారు లెరిగిన చిరునామాయు, దానిపై నడచు ఉత్తరప్రత్యుత్తరములును చేజారును. పొలము మనదై పట్టా పాలికాపు పేర నున్నట్లు!

డొమైను శాశ్వతముగా కొనునది కాదు. 1 మొదలు 10 సంవత్సరములవరకు రుసుము చెల్లించి పొందునది. గడువు మీరినచో తుదకు పరులు తీసికొనవచ్చును. కావున రిజిస్ట్రారు ఖాతా సంఘము పేరనే, సంఘపు ఈమెయిలుతోనే యుండవలెను. ఫేస్‌బుక్ పేజీ యున్నదికదా యందురేమో; అది పరుల స్థలములో వేసిన పందిరి, తీసివేయు అధికారము వారిదే.

పనివానికి కడపటి కిస్తు చెల్లించుటకు మునుపే ఖాతాయు, పాస్‌వర్డును స్వాధీనము చేసికొనుడు. వేరొక రిజిస్ట్రారునకు మార్చుటకు కావలసిన ఆథ్ కోడు ఆ ఖాతా గలవానికే దొరకును.