ఆఫీసు ప్రింటర్ ‘ఆఫ్‌లైన్’ అంటే తప్పు ఎక్కడుందో కనుక్కోవడం ఎలా?

ఈ ఎపిసోడ్‌లో ఆఫీసులో అందరూ కలిసి వాడుకునే ప్రింటర్ గురించి మాట్లాడుకుందాం. ఇంట్లో ఒక సిస్టమ్, ఒక ప్రింటర్, మధ్యలో ఒక కేబుల్ ఉంటే పెద్ద గొడవేమీ ఉండదు. ఎనిమిది మంది, పది మంది ఒకే ప్రింటర్ మీద ఆధారపడితే మాత్రం అది ఆగిన రోజు ఆఫీసంతా ఆగిపోతుంది. నెలాఖరు బిల్లులు అలాగే ఉండిపోతాయి, కౌంటర్ బయట రసీదు కోసం జనం నిలబడి ఉంటారు. ‘కంప్యూటర్లు కొంచెం తెలుసు’ అని పేరు పడ్డ ఒక్కరి వైపు అందరూ చూస్తారు. ఆ ఒక్కరి కోసమే ఈ ఎపిసోడ్.

సాధారణంగా ఏం చేస్తాం? ప్రింటర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తాం. రాకపోతే డ్రైవర్ తీసేసి మళ్ళీ వేస్తాం. దీనికి అరగంట పోతుంది. చాలాసార్లు డ్రైవర్ తప్పేమీ ఉండదు కాబట్టి సమస్య అక్కడే ఉంటుంది, పైగా అప్పటిదాకా ఉన్న సెట్టింగులు కూడా పోతాయి. అందుకని దేని మీదా చెయ్యి వేయకముందు ఒక ప్రశ్న అడగండి: ప్రింట్ ఎవరికి రావట్లేదు? ఒక్కరికేనా, అందరికీనా? ఒక్కరికే అయితే తప్పు ఆ సిస్టమ్‌లో ఉంది, ప్రింటర్ జోలికి వెళ్ళొద్దు. అందరికీ అయితే ఎవరి సిస్టమ్‌లోనూ వెతకొద్దు. సగం పని ఇక్కడే తేలిపోతుంది.

రెండో సంగతి, మీ ప్రింటర్ ఏ రకం? మనం రెండింటినీ కలిపి నెట్‌వర్క్ ప్రింటర్ అనేస్తాం గానీ అవి వేరు. మొదటి రకానికి సొంతంగా ల్యాన్ కేబుల్ గానీ వైఫై గానీ ఉంటుంది. రూటర్ దానికి ఒక ఐపీ అడ్రస్ ఇస్తుంది, అందరూ నేరుగా దానికే పంపిస్తారు. రెండో రకం యూఎస్‌బీ కేబుల్‌తో ఒక సిస్టమ్‌కి కట్టి ఉంటుంది, ఆ సిస్టమ్ నుంచి మిగతావాళ్ళకి షేర్ చేస్తారు. మన దగ్గర చిన్న ఆఫీసుల్లో బాగా కనిపించే క్యానన్ ఎల్‌బీపీ 2900 లాంటివి ఈ రకమే, వాటికి యూఎస్‌బీ తప్ప వేరే దారి లేదు. అనుమానం ఉంటే ప్రింటర్ వెనక్కి వెళ్ళి కేబుల్ ఎక్కడికి పోతోందో చూడండి.

ముందు మొదటి రకం. అందరికీ ఆగిపోయింది అనుకుందాం. ప్రింటర్ దగ్గరికి వెళ్ళి దాని తెర మీద ఏముందో చదవండి. నవ్వకండి, చాలామంది ఈ పని చేయరు. పేపర్ జామ్, టోనర్ అయిపోవడం అందరికీ తెలిసినవే. వీటికన్నా తమాషా అయినది పేపర్ సైజు. మనం ట్రేలో పెట్టేది ఏ4. ఎవరో అమెరికా నుంచి వచ్చిన ఒక పీడీఎఫ్‌ని గానీ, ఇంటర్నెట్‌లో దొరికిన ఫారాన్ని గానీ ప్రింట్ ఇస్తారు. దాని సైజు లెటర్. చాలా ప్రింటర్లు ‘లెటర్ పేపర్ పెట్టండి’ అని ఒక లైటు మిణుకుమిణుకుమనిపిస్తూ అక్కడే ఆగిపోతాయి. వెనకాల క్యూలో ఉన్న ఏడుగురి కాగితాలూ దాని కోసం కాచుకుని కూర్చుంటాయి. అందరూ నెట్‌వర్క్ పోయిందంటారు. ఆ ఒక్క జాబ్ క్యాన్సిల్ చేస్తే చాలు.

తెర మీద ఏ తప్పూ లేకుండా ‘రెడీ’ అని ఉంటే, ప్రింటర్ మెనూలోంచి కాన్ఫిగరేషన్ పేజీ ఒకటి ప్రింట్ తీయండి. అది వచ్చిందంటే టోనర్, పేపర్, మెషిన్ బాగున్నట్టే. అదే పేజీలో ఐపీ అడ్రస్ కూడా ఉంటుంది. ఉదాహరణకి 192.168.1.50. ఇప్పుడు మీ సిస్టమ్‌లో ఆ ప్రింటర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ ట్యాబ్ చూడండి. అక్కడ 192.168.1.37 అని ఉందనుకోండి. దొంగ దొరికాడు. ప్రింటర్ ఇల్లు మారింది, మన సిస్టమ్‌లు పాత ఇంటికే ఉత్తరాలు వేస్తున్నాయి.

ఇల్లు ఎందుకు మారింది? మన ఊళ్ళలో దీనికి మొదటి కారణం కరెంటు. సిస్టమ్‌లకి యూపీఎస్ ఉంటుంది. లేజర్ ప్రింటర్‌ని చిన్న యూపీఎస్‌కి పెట్టకూడదు, లోపల కాగితాన్ని వేడిచేసే భాగం ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి. అంటే కరెంటు పోయినప్పుడల్లా ప్రింటర్ ఆగి మళ్ళీ లేస్తుంది, చాలాచోట్ల రూటర్ కూడా అంతే. లేచిన రూటర్ దగ్గర పాత లెక్క ఉండకపోతే, ముందు అడిగినవాళ్ళకి ముందు అడ్రస్ ఇస్తూ పోతుంది. ప్రింటర్ పాత అడ్రస్ ఎవరి ఫోన్‌కో వెళ్ళిపోతుంది.

ఇక్కడే ఒక మోసం ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ కొట్టి చూడమని అందరూ చెప్తారు. పాత అడ్రస్‌కి పింగ్ కొడితే ఆ ఫోన్ జవాబు ఇవ్వొచ్చు. ‘పింగ్ వస్తోంది, నెట్‌వర్క్ బాగానే ఉంది, డ్రైవరే పోయింది’ అని మళ్ళీ డ్రైవర్ దగ్గరికి వెళ్తాం. అందుకే పింగ్ కంటే బ్రౌజర్ నయం. బ్రౌజర్‌లో పైన ఆ ఐపీ అడ్రస్ టైప్ చేసి ఎంటర్ కొట్టండి. నెట్‌వర్క్ ప్రింటర్లలో ఎక్కువ వాటికి లోపల సొంత పేజీ ఒకటి ఉంటుంది. మోడల్ పేరు, ట్రేలో పేపర్, టోనర్ ఎంత ఉంది అన్నీ కనిపిస్తాయి. ఆ పేజీ వచ్చిందంటే అక్కడ ఉన్నది నిజంగా మీ ప్రింటరే.

దీనికి శాశ్వత మందు రూటర్‌లో ఉంది. డీహెచ్‌సీపీ సెట్టింగుల్లో అడ్రస్ రిజర్వేషన్ అని ఉంటుంది. కాన్ఫిగరేషన్ పేజీలో ఉన్న మ్యాక్ అడ్రస్‌ని అక్కడ రాసి, దీనికి ఎప్పుడూ ఈ ఐపీనే ఇవ్వు అని చెప్పాలి. కొందరు ప్రింటర్‌లోనే స్టాటిక్ ఐపీ పెట్టేస్తారు. అదీ పనిచేస్తుంది, కాకపోతే రూటర్ పంచే అడ్రస్‌ల వరసకి బయట ఉన్నదే పెట్టాలి. లేకపోతే రూటర్‌కి తెలియక అదే అడ్రస్ ఇంకొకరికి ఇస్తుంది, ఇద్దరూ కొట్టుకుంటారు. ప్రింట్ ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. పట్టుకోవడానికి ఇంతకంటే కష్టమైన జబ్బు లేదు. ఇంకో గుర్తు: అడ్రస్ 169.254 తో మొదలైతే ప్రింటర్‌కి అసలు రూటర్ దొరకలేదని అర్థం. కేబుల్, స్విచ్ చూడండి.

అడ్రస్ సరిగ్గానే ఉంది, బ్రౌజర్ పేజీ కూడా వస్తోంది, అయినా విండోస్ మాత్రం ‘ఆఫ్‌లైన్’ అంటోంది. ఇది చాలామందిని ఏడిపిస్తుంది. పోర్ట్స్ ట్యాబ్‌లో పోర్ట్ పేరు చూడండి. డబ్ల్యూఎస్‌డీ అని మొదలైతే, విండోస్ ప్రింటర్‌ని తనంతట తానే వెతుక్కుని పెట్టుకున్న పోర్ట్ అది. పెట్టుకోవడం తేలిక, నిలబడటం కష్టం. నా మాట వింటే ఆఫీసులో అది వద్దు. యాడ్ పోర్ట్ నొక్కి, స్టాండర్డ్ టీసీపీ ఐపీ పోర్ట్ ఎంచుకుని, ప్రింటర్ ఐపీ ఇవ్వండి. ఇప్పటికే అదే పోర్ట్ ఉండి కూడా ఆఫ్‌లైన్ అంటుంటే, కాన్ఫిగర్ పోర్ట్‌లోకి వెళ్ళి ‘ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్’ అన్న టిక్ తీసేయండి. విండోస్ మధ్యమధ్యలో ఆ పద్ధతిలో ప్రింటర్‌ని ‘ఉన్నావా’ అని పలకరిస్తుంది. జవాబు రాకపోతే, ప్రింటర్ నిక్షేపంలా ఉన్నా లేదని తీర్మానించేస్తుంది. టిక్ తీస్తే ఆ పలకరింపు ఆగుతుంది, ప్రింట్ వెళ్తుంది.

ఇప్పుడు రెండో రకం, ఒకరి సిస్టమ్ నుంచి షేర్ చేసినది. ఇక్కడ అందరికీ ఆగిందంటే చూడాల్సింది ఆ సిస్టమ్‌ని. ఆ సీటులో మేడమ్ సెలవు పెట్టి సిస్టమ్ ఆఫ్ చేసి వెళ్ళారా? భోజనానికి వెళ్తే స్లీప్‌లోకి పోయిందా? పవర్ సెట్టింగుల్లో స్లీప్‌ని ‘నెవర్’ చేయండి, స్క్రీన్ ఆరిపోతే పర్వాలేదు. తర్వాత నెట్‌వర్క్ ప్రొఫైల్ చూడండి. రూటర్ మార్చినప్పుడు విండోస్ కొత్త నెట్‌వర్క్‌ని ‘పబ్లిక్’ అని రాసుకోవచ్చు. అప్పుడు బస్టాండ్ వైఫైలో ఉన్నట్టు తలుపులన్నీ మూసేసుకుంటుంది. దాన్ని ‘ప్రైవేట్’ చేసి, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ ఆన్ చేయాలి. ఇంకొకటి, ఆ మేడమ్ పాస్‌వర్డ్ మార్చుకుని, మిగతా సిస్టమ్‌లలో ఆమె పాత పాస్‌వర్డే సేవ్ అయి ఉంటే అందరికీ ఒకేసారి తలుపు మూసుకుంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి మార్చండి. అసలు మంచి పద్ధతి, ప్రింటర్ షేరింగ్ కోసమే ఆ సిస్టమ్‌లో వేరే యూజర్ ఒకటి పెట్టుకోవడం. ఎవరి సొంత పాస్‌వర్డూ పదిమందికి తెలియాల్సిన పని ఉండదు.

ఇక చివర్లో 11బి అని ఉండే ఎర్రర్. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీనికి తిరుగుతున్న చిట్కా ప్రమాదకరం. 2021 జులైలో ప్రింట్‌నైట్‌మేర్ అన్న లోపం పెద్ద గొడవ అయింది. విండోస్‌లో ప్రింట్ పనులు చూసే స్పూలర్ అనే సర్వీసు ద్వారా బయటివాళ్ళు సిస్టమ్‌ని పూర్తిగా చేతిలోకి తీసుకోగలిగేవారు. మైక్రోసాఫ్ట్ హడావుడిగా ప్యాచ్‌లు ఇచ్చింది. ఆగస్టు నుంచి షేర్డ్ ప్రింటర్ డ్రైవర్ వేయాలంటే అడ్మినిస్ట్రేటర్ తప్పనిసరి అయింది. ప్రింటింగ్‌లోనే ఉన్న ఇంకో లోపాన్ని మూసే నిబంధన సెప్టెంబర్ అప్‌డేట్లతో గట్టిగా అమల్లోకి వచ్చాక, షేర్డ్ ప్రింటర్లు 11బి అంటూ మొరాయించడం మొదలైంది.

దీనికి చాలా వీడియోల్లో చెప్పేది, రిజిస్ట్రీలో ఒక విలువని సున్నా చేయమని, లేదా అప్‌డేట్ తీసేయమని. చేస్తే ప్రింట్ వస్తుంది, అబద్ధం కాదు. కానీ మీరు తీసింది ఆ లోపానికి వేసిన తాళాన్ని. జీతాల ఫైళ్ళు, ఆధార్ కాపీలు, పాన్ నంబర్లు ఉన్న సిస్టమ్‌లో ఆ పని చేయమని నేను చెప్పను. ముందు రెండు వైపులా, అంటే షేర్ చేసే సిస్టమ్‌లోనూ తీసుకునే సిస్టమ్‌లోనూ అప్‌డేట్లు పూర్తి చేయండి. ఒకటి కొత్తది, ఒకటి పాతది ఉన్నప్పుడే ఈ గొడవ ఎక్కువ. అయినా రాకపోతే, రావాల్సిన సిస్టమ్‌లో అడ్మిన్‌గా డ్రైవర్ వేసి, లోకల్ పోర్ట్ ఒకటి చేసి, దాని పేరుగా షేర్ చేసిన ప్రింటర్ దారి ఇవ్వండి: రెండు బ్యాక్‌స్లాష్‌లు, ఆ సిస్టమ్ పేరు, ఒక బ్యాక్‌స్లాష్, ప్రింటర్ షేర్ పేరు. చాలాచోట్ల దీంతో పని అయిపోతుంది, తాళం తాళంలానే ఉంటుంది.

ఒక్కరికే రావట్లేదంటే పని చిన్నది. వాళ్ళ డిఫాల్ట్ ప్రింటర్ ఏదో చూడండి. విండోస్ 10 నుంచి ‘నా డిఫాల్ట్ ప్రింటర్‌ని విండోస్ చూసుకుంటుంది’ అన్న సెట్టింగ్ ఉంది. అది ఆన్‌లో ఉంటే చివరగా వాడినదే డిఫాల్ట్ అవుతుంది. పొద్దున ఒక పీడీఎఫ్ సేవ్ చేసుకున్నారు, మధ్యాహ్నం నుంచి ప్రింట్లన్నీ ఫైళ్ళు అయిపోతున్నాయి. క్యూ కిటికీలో ‘యూజ్ ప్రింటర్ ఆఫ్‌లైన్’ మీద టిక్ పడిందేమో కూడా చూడండి. ల్యాప్‌టాప్ అయితే గెస్ట్ వైఫైలో ఉన్నారేమో అడగండి, దాంట్లోంచి ప్రింటర్ కనిపించకపోవచ్చు.

ఒక జాబ్ ‘డిలీటింగ్’ అంటూ గంటసేపు కదలకపోతే స్పూలర్‌ని ఖాళీ చేయాలి. సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్‌ని స్టాప్ చేయండి. సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్ 32, స్పూల్, దాంట్లో ప్రింటర్స్ అనే ఫోల్డర్ తెరిచి లోపలి ఫైళ్ళు తీసేయండి, ఫోల్డర్‌ని కాదు. మళ్ళీ స్పూలర్ స్టార్ట్ చేయండి. షేర్ చేసే సిస్టమ్‌లో ఈ పని చేస్తే అందరి జాబ్‌లూ పోతాయి కాబట్టి ముందు ఒక మాట చెప్పండి.

ఆగిన ప్రింట్లతో ఇంకో చిక్కు ఉంది. రాలేదని పదిసార్లు ప్రింట్ నొక్కి, విసుగొచ్చి సాయంత్రం ఇంటికి వెళ్ళిపోతారు. రాత్రి ఎవరో ప్రింటర్ బాగు చేస్తారు. అప్పుడు పది కాపీల జీతాల పట్టీ ట్రేలో పడుతుంది, పొద్దున్నే ముందు వచ్చినవాళ్ళు చదువుతారు. అందుకే బాగు చేసేముందు క్యూ తెరిచి చూసి, అక్కర్లేనివి తీసేయమని వాళ్ళకే చెప్పండి. ప్రింటర్‌లో పిన్ నంబర్‌తో ప్రింట్ తీసుకునే సదుపాయం ఉంటే, అకౌంట్స్ సెక్షన్‌కి అది తప్పకుండా పెట్టండి.

తెలుగు వాళ్ళ కష్టం ఒకటి మిగిలింది. తెలుగు లెటర్ ప్రింట్ ఇస్తే పిచ్చి గుర్తులు వస్తున్నాయంటారు. తెర మీదే అలా కనిపిస్తుంటే అది ప్రింటర్ గొడవ కాదు. అను ఫాంట్లలో టైప్ చేసిన ఫైల్‌ని ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిచారు. టైప్ చేసిన చోటే ఫాంట్లు లోపల ఉండేలా పీడీఎఫ్ చేయించుకుని అది ప్రింట్ ఇవ్వండి. తెర మీద బాగుండి, కాగితం మీద మాత్రం అర్థంకాని కోడ్‌తో పేజీలకి పేజీలు వస్తుంటే అప్పుడు, ఆ ఒక్కసారి, డ్రైవర్‌ని అనుమానించండి. వేరే మోడల్ డ్రైవర్ వేసి ఉంటారు.

మెషిన్ నుంచి ఫోల్డర్‌లోకి స్కాన్ పంపడం ఆగిపోవడానికి కారణాలు వేరు, దాని గురించి వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటానండి.