సొంత మేఘమును నెలకొల్పు విధము

మన కొల్హారు రైతు పంటఋణమునకై బ్యాంకునకు పోయినచో మొట్టమొదట అడుగబడునది పహాణీ. పూర్వమది గ్రామలెక్కల వారి కట్టలలో నుండెడిది. 2000వ సంవత్సర ప్రాంతమున కర్ణాటక ప్రభుత్వము 'భూమి' అను పథకము క్రింద ఆ కట్టలలోని సంగతులను కంప్యూటర్ల కెక్కించినది. 67 లక్షల రైతులకు చెందిన సుమారు 2 కోట్ల పత్రము లిట్లు ఎక్కింపబడినవి. తొలుదొల్త 177 తాలూకా కచేరీలలో ఒక్కొక్క దానియందు ఒక్కొక్క యంత్రముండి, ఆ తాలూకా లెక్కలను అచ్చటనే దాచెడిది. తరువాత అవి బెంగుళూరు నందలి రాష్ట్ర దత్తాంశ కేంద్రమునకు చేర్పబడినవి.

ఈ రెండు పద్ధతులలో ఏది మేలు? తాలూకా యంత్రము చెడినచో ఆ ఒక్క తాలూకాకే ఇబ్బంది. కాని 177 చోట్ల విద్యుత్తు, కాపలా, పని తెలిసిన మనిషి ఉండవలెను. అన్నియు ఒకచోటనున్న సంరక్షణ సులభము. అది ఆగినచో రాష్ట్రమంతయు ఆగును. విద్యార్థులారా! క్లౌడు నిర్మించువా రందరును మొదట తీర్చుకొనవలసిన చిక్కు ఇదియే.

'క్లౌడు' అనగా ఆకసమున తేలు మేఘము కాదు. పెక్కు కంప్యూటర్లను ఒకటిగా కూర్చి, అడిగినవారికి అడిగినంత శక్తిని పంచియిచ్చు ఏర్పాటే క్లౌడు. అమెజాన్, మైక్రోసాఫ్ట్ వంటి సంస్థల వద్ద బాడుగకు తీసికొనునది బహిరంగ క్లౌడు. తన పనికొరకే ప్రత్యేకించుకొనునది సొంత క్లౌడు. భూమి లెక్కల వంటివి పరుల చేత పెట్టుటకు ప్రభుత్వములు వెనుదీయుట సహజమే కదా. 2014లో భారత ప్రభుత్వము 'మేఘరాజ్' పేర తన సొంత క్లౌడును ఆరంభించినది. జాతీయ ఇన్ఫర్మేటిక్స్ కేంద్రము వారి పెద్ద దత్తాంశ కేంద్రములు ఢిల్లీ, పుణె, హైదరాబాదు, భువనేశ్వరములందు గలవు. ఇట్టివాటిని కట్టుటకు 'ఓపెన్‌స్టాక్' అను ఉచిత సాఫ్ట్‌వేరు కూడ కలదు. 2010లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసాయు, ర్యాక్‌స్పేస్ అను సంస్థయు కలిసి దానిని మొదలుపెట్టిరి.

ఇట్టి క్లౌడులో యంత్రములకు ముఖ్యముగా మూడు పనులు: ఆజ్ఞలనిచ్చుట, లెక్కలు చేయుట, దాచుట. ఆజ్ఞనిచ్చు యంత్ర మొక్కటే యున్నచో, అది పడిన దినమున తక్కినవి దిక్కులేనివగును. రెండున్నచో చాలునని తోచును గాని చాలదు. రెంటి నడుమ తీగ తెగినచో ప్రతి యొక్కటియు రెండవది చచ్చినదని తలచి, పెత్తనము తనదే యనును. ఇరువురు చెరియొక లెక్క వ్రాయుదురు. అందుచేత మూడింటిని నిలిపి, ఏ నిర్ణయమునకైనను ఇద్దరి మాట కావలెనని నియమింతురు. నాలుగున్న మరింత మేలా? కాదు. నలుగురిలో అధిక సంఖ్య ముగ్గురు. కాన అప్పుడును ఒక్కటి పడిపోవుటనే ఓర్చుకొనగలదు. రెండు పడినను నిలువవలెనన్న అయిదు కావలెను.

లెక్కలు చేయు యంత్రముల సంగతి సులభము. నాలుగున్నచో ఒక్కొక్కదానిని ముప్పాతికకు మించి నింపరాదు. ఒకటి చెడినను దాని భారము తక్కిన మూడింటిలో సరిగా ఇమిడిపోవును. రెండే యున్నచో సగము సగమే నింపవలెను. చిన్న క్లౌడులో ఖర్చు వృథాయగుట కిదియే కారణము. బహిరంగ క్లౌడుకంటె సొంతది చౌక అని తొందరపడి చెప్పువారు ఈ కూడిక చేసి చూడరు.

దాచు యంత్రములయందు ప్రతి దత్తాంశమునకును మూడు ప్రతులుంచుట వాడుక. అయితే మూడును ఒకే బీరువాలో, ఒకే విద్యుత్తు తీగపై నున్నచో అవి మూడైనను ఒకటే. బీదరులో మహమూద్ గవాను 1472లో కట్టించిన మదరసాను మీలో పెక్కురు చూచియుందురు. ఔరంగజేబు కాలమున, 17వ శతాబ్ది చివర, అందు నిలువచేసిన మందుగుండు ప్రేలి ఒక భాగము కూలినది. దూరముననున్న ఉత్తరపు మినారు నేటికిని నిలిచియున్నది. ఇంజనీర్లు ప్రతులను వేరువేరు బీరువాలలో, వేరువేరు తీగలపై నుంచుటకు కారణము ఆ మినారును చూచిన తెలియును.

లెక్కలను, నిలువను ఒకే యంత్రమున కలిపివేయు పద్ధతియు నున్నది. యంత్రములు తక్కువ పట్టును. చిన్న కార్యాలయములకు యుక్తము. కాని లెక్క పెరిగినపుడు నిలువను, నిలువ పెరిగినపుడు లెక్కను కూడ కొనవలసివచ్చును. పహాణీల వలె నానాటికి నిలువ మాత్రమే పెరుగు పనికి వేరుగా నుంచుటయే నాకు తగినదిగా తోచుచున్నది.

ఇక ఊరినే కదలించు విపత్తు. 1993 సెప్టెంబరు 30న మన పొరుగు లాతూరు జిల్లా కిల్లారిలో భూకంపము వచ్చి సుమారు పదివేలమంది మరణించిరి. అంతవరకు ఆ నేల అతితక్కువ భయముగల మండలముగా పటములలో చూపబడియుండెను! కావున రెండవ ప్రతిని వేరొక నగరమున నుంచవలెను. ఆధార్ సంస్థ కేంద్రములు బెంగుళూరునను, హర్యానాలోని మానేసరునను ఉండుట ఇట్టిదే. కాని దూరమునకును వెలయున్నది. గాజుతీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. బెంగుళూరు నుండి హైదరాబాదు సుమారు 500 కిలోమీటర్లు. పోయివచ్చుటకు సెకనులో 200వ వంతు పట్టును. కంటి రెప్పపాటుకంటె తక్కువే గాని, ప్రతి వ్రాతయు అంతసేపు ఆగినచో పని బహు మందగించును. ఆగక వ్రాసికొనిపోయి, ప్రతిని వెనుక పంపినచో విపత్తు వేళ కడపటి కొన్ని క్షణముల వ్రాతలు పోవచ్చును. ఆ క్షణములలో ఒక రైతు హక్కు మార్పిడి యున్నచో? అందుచే ఒకే నగరములో రెండు భవనములకు వెంటవెంటనే, దూరనగరమునకు కొంత ఆలస్యముగా పంపుట పలువురు ఎన్నుకొను మధ్యేమార్గము.

పై తరగతుల విద్యార్థులు దీనిని చేసి చూడగోరినచో ఇన్ని యంత్రము లక్కరలేదు. పదునారు జీబీ మెమరీ గల ఒక్క కంప్యూటరులో మూడు పనులను కలిపి ఓపెన్‌స్టాకును నేర్చుకొనుటకు తగినంతగా నడుపవచ్చును. అందులో విలువైన దేదియు దాచవలదు.