రక్తపు చుక్కతో క్యాన్సరు తెలుస్తుందా?

మన పాల్వంచలో ఇప్పుడు చాలా ఇళ్ళలో షుగరు చూసే చిన్న మిషను ఉంటోంది. (సంక్రాంతి అరిసెలయ్యాక దాని జోలికెళ్ళాలంటే భయమనుకోండి!) వేలు గుచ్చి చుక్క రక్తం తగిలిస్తే, పట్టీమీది ఎంజైము చక్కెరతో కలిసి సన్నని కరెంటు పుట్టిస్తుంది. చక్కెర ఎక్కువైతే కరెంటూ ఎక్కువే. 1962లో అమెరికాలో లీలాండ్ క్లార్క్ చూపిన దారి ఇది.

మరి క్యాన్సరునూ ఇలాగే చూసుకోలేమా? శాస్త్రజ్ఞులు ఆ ప్రయత్నంలోనే ఉన్నారు. లోహపు పలకమీద యాంటీబాడీలను అంటిస్తారు. తాళానికి ఒకే చెవి పట్టినట్టు, అవి ఒక్క రకం ప్రోటీనునే పట్టుకుంటాయి. పట్టుకోగానే కరెంటు మారుతుంది, దాన్ని కొలుస్తారు.

కొలవడం బాగానే ఉంది. ఆ ప్రోటీన్లే నమ్మకమైనవి కావు. అండాశయ క్యాన్సరుకు చూసే సి.ఎ.125 నెలసరిలోనూ, కడుపుతో ఉన్నప్పుడూ కూడా పెరగవచ్చు. తొలిదశ క్యాన్సరున్న వారిలో సుమారు సగంమందికి పెరగనే పెరగదు! బ్రిటన్‌లో రెండు లక్షలమంది స్త్రీలతో సాగిన పరిశీలనలో, ఏటేటా ఈ పరీక్ష చేసినా మరణాలు చెప్పుకోదగ్గంత తగ్గలేదని 2021లో తేలింది. చికిత్స పొందుతున్నవారికి మందు పనిచేస్తోందా అని చూడడానికి మాత్రం డాక్టర్లకు అది బాగా పనికొస్తుంది.

మన ఆడవాళ్ళలో ఎక్కువగా కనిపించేవి రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు. వీటికి రక్తపరీక్ష చాలదు, ఒళ్ళు చూపించుకోవాల్సిందే. సిగ్గెందుకు చెప్పండి? ముప్ఫై దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఈ రెంటికీ, నోటికీ పరీక్ష చేసే జాతీయ కార్యక్రమం ఉంది. అడిగి చేయించుకోండి. ముట్లుడిగాక మళ్ళీ రక్తం కనబడితే మాత్రం, పండగలూ పెళ్ళిళ్ళూ అని ఆగకుండా ఆ వారమే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.