పేరు ఊరికే పుట్టదు!

భవిష్యత్తు కథ రాసేవాళ్లకు యంత్రాలను ఊహించడం తేలికే. చిక్కంతా పేర్లతోనే! నోరు తిరగని నాలుగు అక్షరాలు కలిపి గ్రహానికో, ఊరికో తగిలించేస్తే చదివేవాళ్లకు నవ్వొస్తుంది తప్ప నమ్మకం కుదరదు. మరి నమ్మించే పేరు ఎలా ఉంటుంది? సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరుకు వెళ్తే తెలుస్తుంది.

11వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యుల శాసనాల్లో కనిపించే పొట్టలకెరె ఈ ఊరేనంటారు చరిత్రకారులు. కన్నడంలో ‘కెరె’ అంటే చెరువు. వేరువేరుగా వినిపిస్తున్నా రెండు మాటలదీ ఒకటే వేరు. ఇ, ఎ లాంటి అచ్చుల ముందున్న ‘క’ తెలుగులో ‘చ’ అయింది. అందుకే వాళ్ల ‘కివి’ మనకు చెవి! అంటే మాట మారేది ఇష్టమొచ్చినట్టు కాదు, ఓ పద్ధతి ప్రకారం.

కొత్త పేర్లూ అంతే. 1972లో ఇక్కడ మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ వెలిసింది. చాంతాడంత ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలే ‘ఇక్రిశాట్’ అనే మాటగా జనం నోట స్థిరపడ్డాయి.

2015 నాటి ‘బాహుబలి’లో కాలకేయుల ‘కిలికి’ అంతగా ఆకట్టుకోవడానికీ కారణం ఇదే. దానికోసం మదన్ కార్కి దాదాపు 750 పదాలు, 40 వ్యాకరణ సూత్రాలు సిద్ధం చేశారు. అర్థం తెలియకున్నా పిల్లలు ఆ మాటలు అనుకరించారు.

500 ఏళ్ల తర్వాత పటాన్‌చెరును ఏమని పిలుస్తారో రాయాలనుకునేవాళ్లు నిఘంటువు మూసి, ముందు బస్సులో కండక్టరు కేక వింటే చాలు. రేపటి పేరు అక్కడే అరుగుతూ ఉంటుంది!