బంగారం చాలకపోతే భాగాలు ఎట్లా?

నిన్న ముద్దనూరులో బస్సెక్కి ప్రొద్దుటూరు బంగారం అంగడికి పోయొచ్చినాం గదా. త్రాసును అద్దాల పెట్టెలో ఎందుకు పెట్టినారు తాతా అని పాప అడిగింది. ఫ్యాను గాలి సోకినా అంకె కదులుతుందమ్మా. బంగారంలో రవ్వంత తేడా అయినా డబ్బే.

తూకం తప్పకూడదని మనుషులు శానా ఏండ్లుగా తిప్పలు పడినారు. 1121లో మెర్వ్ నగరంలో అల్ ఖాజినీ అనే పండితుడు త్రాసుల మీదనే పెద్ద పుస్తకం రాసినాడు. నగను గాలిలో ఒకసారి, నీళ్లలో ముంచి ఒకసారి తూచి, బంగారంలో వెండి కలిసిందా లేదా అని పట్టేసే త్రాసు అందులో ఉంది. దాని మూలసూత్రం గ్రీకుల ఆర్కిమెడీస్‌ది. అరబ్బీలో త్రాసును ‘మీజాన్’ అంటారు. ఖురానులో న్యాయానికి గుర్తు ఆ మీజానే. పడమటి దేశాల న్యాయదేవత చేతిలో ఉండేదీ త్రాసే. గుర్తు ఒకటే గదా, న్యాయం కూడా ఒకటేనా? ఒక లెక్క చేసి చూద్దాం.

పిల్లల్లేని ఒక ముస్లిం ఆడమనిషి చనిపోయిందనుకోండి. అమ్మానాయనలు లేరు, అన్నదమ్ములు లేరు. భర్త, ఇద్దరు సొంత అక్కచెల్లెళ్లు మిగిలినారు. అప్పులూ ఖర్చులూ పోను 42 గ్రాముల బంగారం ఉంది. ఖురాను ప్రకారం భర్తకు సగం, అక్కచెల్లెళ్లిద్దరికీ కలిపి మూడింట రెండు పాళ్లు. అంటే 21, 28. కూడితే 49! ఆ ఏడు గ్రాములు యాడ నుంచి తేవాల?

7వ శతాబ్దంలో, ఖలీఫా ఉమర్ కాలంలోనే ఈ చిక్కు వచ్చిందంటారు. దానికి కనుక్కున్న దారి పేరు ‘ఔల్’. అందరికీ ఒకే నిష్పత్తిలో తగ్గించడం. 21కి 28 అంటే 3కి 4. మొత్తం ఏడు భాగాలు, ఒక్కో భాగం 6 గ్రాములు. భర్తకు 18, అక్కచెల్లెళ్లకు 24. 820 ప్రాంతంలో అల్ ఖ్వారిజ్మీ రాసిన గణిత గ్రంథంలో దాదాపు సగం ఇట్లాంటి వీలునామాల, వారసత్వాల లెక్కలే. మీ బడిలో చెప్పే ఆల్‌జీబ్రాకు పేరు ఆ పుస్తకం నుంచే వచ్చింది.

ఉమర్ కంటే తొమ్మిది వందల ఏండ్లకు పైగా ముందరే గ్రీకుల అరిస్టాటిల్, పంపకంలో న్యాయమంటే అందరికీ సమానంగా కాదు, తగిన నిష్పత్తిలో ఇయ్యడమని చెప్పినాడు. 3కి 4 చూస్తే ఆయనా తలూపేవాడేమో. అయితే ఆ నిష్పత్తి యాడ నుంచి వచ్చింది? దారులు చీలేది ఇక్కడే. ఖురానులో వాటాలు దేవుడు నిర్ణయించినవి, తప్పకుండా తూచడమే మనిషి పని. అరిస్టాటిల్‌కు వాటా అర్హతను బట్టి. అర్హత ఏందో మనుషులే వాదులాడుకుంటారు. ఒకరు డబ్బంటారు, ఒకరు పుట్టుకంటారు, ఒకరు మంచితనమంటారు. 1971లో అమెరికా తత్వవేత్త జాన్ రాల్స్ ఇంకో దారి చూపినాడు: ఏ వాటా నీకొస్తుందో తెలియకుండా నియమం పెట్టు అని. ఓళిగ తుంచినోడే ఆఖర్న తీసుకోవాలని మీ అవ్వ అంటుంది చూడండి, ఇంచుమించు అదే.

అట్లని ఇస్లాం ఒక గట్టు, పడమర ఒక గట్టు అనుకోవద్దు. 12వ శతాబ్దంలో ఇబ్న్ రుష్ద్ స్పెయిన్‌లోని కార్డోబాలో ఖాజీగా తీర్పులు చెప్తూనే అరిస్టాటిల్ నీతిశాస్త్రానికి వ్యాఖ్యానం రాసినాడు. అది లాటిన్‌లోకి పోయి యూరప్ చదువుకుంది. ఇస్లాంలో కూడా ఔల్‌ను అందరూ ఒప్పుకోలేదు. సున్నీలు ఒప్పుకున్నారు, షియాలు ఒప్పుకోలేదు. షియాల పద్ధతిలో భర్త సగం తగ్గదు, కొరత అక్కచెల్లెళ్లే భరించాల. అప్పుడు 21, 21. మన కడప జిల్లాలో ఇట్లాంటి దావా పడితే, ఇంగ్లీషు వాళ్ల పద్ధతిలో నడిచే కోర్టులో జడ్జి 1937 షరియత్ చట్టం ప్రకారం ఈ లెక్కే వెయ్యాల. చనిపోయినామె సున్నీనా షియానా అని ముందు అడగాల.

“మరి ఏది కరెక్టు తాతా?”

18, 24 కలిపినా 42. 21, 21 కలిపినా 42. కూడిక రెండింటికీ సరేనంటుంది. ప్రొద్దుటూరు త్రాసూ అంతే అబ్బాయ్, పళ్లెంలో ఎంతుందో చెప్తుంది, అది ఎవరిదో చెప్పదు. అవ్వ పిలుస్తాంది, పదండి. ఈ పొద్దు ఓళిగలు పంచేది నువ్వు, ఆఖర్న తీసుకునేదీ నువ్వే.