బత్తాయి, నిమ్మ: చెట్టు ఎవరిది, కోత ఎవరిది?

పండ్ల తోటల మీద తెలుగులో వచ్చే పుస్తకాలు ఎక్కువగా ఎరువులు, తెగుళ్లు, దిగుబడుల గురించే చెప్తాయి. గుంత ఎవరు తవ్వారు, ముళ్లలో చెయ్యి పెట్టి కాయ ఎవరు కోశారు అన్న సంగతి వాటిల్లో కనపడదు. అందుకే మేము పాత నల్గొండ జిల్లా బత్తాయినీ, పాత నెల్లూరు జిల్లా గూడూరు, రాపూరు, పొదలకూరు ప్రాంతాల నిమ్మనూ తీసుకుని, మొక్క నుంచి మార్కెట్ దాకా పని ఎట్లా సాగుతుందో, అందులో దళితులు ఎక్కడ వున్నారో చెప్పదలిచాం.

ముందు మొక్క సంగతి. మన దగ్గర బత్తాయి అంటే ప్రధానంగా సాత్‌గుడి రకం. రాయలసీమలో దీన్నే చీనీ అంటారు. జంబేరి లేదా రంగపూర్ నిమ్మ గింజతో పెంచిన మొక్క మీద బత్తాయి కన్ను అంటుకడతారు. నిమ్మను మాత్రం ఎక్కువగా గింజ మొక్కలుగానే నాటుతారు. బత్తాయి ఎకరాకు వంద పైచిలుకు మొక్కలు పడతాయి. నిమ్మ మూడు నాలుగేళ్లకు కాపుకొస్తుంది. బత్తాయికి అయిదేళ్లు ఆగాలి.

ఈ అయిదేళ్ల లెక్క దగ్గరే కులం ప్రశ్న మొదలవుతుంది. ఆదాయం లేకుండా అయిదేళ్లు నీళ్లు పెట్టగలిగిన వాడే తోట వెయ్యగలడు. అంటే సొంత భూమి వుండాలి, బోరు వుండాలి, బోరు ఎండితే ఇంకో బోరు వేసే డబ్బు వుండాలి, బ్యాంకు నమ్మే పట్టా వుండాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో షెడ్యూల్డు కులాలు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం వాళ్లు సాగుచేసే భూమి మొత్తంలో 9 శాతం కూడా లేదు. ఆ కాస్త భూమిలోనూ మెట్ట, అసైన్డు భూములే ఎక్కువ. 1977 చట్టం అసైన్డు భూమి అన్యాక్రాంతం కాకుండా కాపాడాలనుకుంది. కానీ నీళ్లు లేని భూమిని కాపాడుకున్నా దాంట్లో తోట లేవదు.

ప్రభుత్వాలకు ఈ సంగతి తెలియక కాదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం ఎస్సీ, ఎస్టీల భూముల్లో నీటి వసతి, పండ్ల తోటల పనులను చేర్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో ఇందిర జలప్రభ వచ్చింది. తెలంగాణలో 2014లో మూడెకరాల భూపంపిణీ మొదలైంది. వీటన్నిటినీ ఒకే కొలతతో చూడాలి: భూమి, నీళ్లు, మొదటి కాపు దాకా బతుకు తెరువు, ఈ మూడూ ఒకే కుటుంబానికి ఒకేసారి అందాయా? ఏ ఒక్కటి తప్పినా మొక్క ఎండిపోతుంది, దళితుడు మళ్లీ పక్క తోటకు కూలికే పోతాడు.

ఇక పని. గుంతలు తియ్యటం, పాదులు చెయ్యటం, ఎండుపుల్ల తియ్యటం, బంక తెగులుకు బోర్డో పేస్టు పుయ్యటం, గజ్జి తెగులుకు మందు కొట్టటం, యివన్నీ కూలీల పనులు. తొడుగులూ ముసుగులూ లేకుండా మందు కొట్టేవాళ్లు ఆ ఘాటంతా పీల్చుకోవాల్సిందే. పూత రప్పించటానికి కొన్నాళ్లు నీళ్లు ఆపి చెట్టును వాడనిస్తారు. తర్వాత పాదు తవ్వి, ఎరువు వేసి, నీళ్లు పెడతారు. జనవరి, ఫిబ్రవరిలో పూసిన బత్తాయి ఆగస్టు నుంచి కోతకొస్తుంది. నిమ్మకాయ పూత నుంచి అయిదారు నెలల్లో తయారవుతుంది. కాబట్టి ఎండాకాలపు కాయ కావాలంటే సెప్టెంబరు, అక్టోబరులో పూత రావాలి. నెల్లూరు వైపు అప్పుడు వానలు పడుతుంటాయి, చెట్టు వాడదు. ఎండాకాలంలో కాయ తక్కువ, గిరాకీ ఎక్కువ. ధర పెరగటానికి కారణం అదే.

2022 ఏప్రిల్‌లో చాలా నగరాల్లో నిమ్మ చిల్లరగా కిలో 200 రూపాయలు దాటింది. అదే నిమ్మ వానాకాలంలో కోత కూలి కూడా రాక చెట్టు కిందే కుళ్లిన సందర్భాలున్నాయి. ధర పెరిగితే రైతుకో, గుత్తదారుకో, వ్యాపారికో మిగులుతుంది. రోజు కూలి మాత్రం కాయ ధరను బట్టి పెరగదు. ధర పడిపోతే మొదట ఆగేది కూలి పనే. లాభంలో వాటా లేని వాళ్లకు నష్టంలో మాత్రం వాటా వుందన్నమాట.

చాలా తోటలు పిందె మీదే గుత్తకు పోతాయి. గుత్తదారు తన కోత ముఠాను తెచ్చుకుంటాడు. ఈ ముఠాల్లో, తోట కాపలాలో మాల, మాదిగ, యానాది కుటుంబాలు కనిపిస్తాయి. మగవాళ్లు చెట్టు మీది కాయ కోస్తే, ఆడవాళ్లు కింద ఏరి, మోసి, పచ్చికాయ, పండుకాయ వేరు చేసి, మచ్చకాయ తీసేస్తారు. ఈ జాతి పండ్లు కోశాక మాగవు. ఎప్పుడు కొయ్యాలో చెట్టు మీదే కనిపెట్టాలి. ఆ నేర్పును ‘తేలిక పని’ అని తీసేసి ఆడవాళ్లకు తక్కువ కూలి కడతారు. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది, తోట గట్టు దాటి లోపలికి మాత్రం రాలేదు.

మార్కెట్లో మళ్లీ వేరే కథ. అడ్తిదారు ముందే అప్పిచ్చి వుంటాడు గనుక సరుకు ఆయన కొట్టుకే చేరాలి. తూకంలో తరుగు అనీ, సూటు అనీ టన్నుకు ఇంత కోస్తారు. సన్నకారు దళిత రైతు ఎవరైనా కాయ తెచ్చినా ఆ కోత ముందు గట్టిగా మాట్లాడలేడు. తెలంగాణలో 2015లో మార్కెట్ కమిటీ అధ్యక్ష పదవులకు రిజర్వేషన్లు పెట్టారు. మంచిదే, కానీ డబ్బు తిరిగేది కుర్చీలో కాదు, కొట్టులో. కమీషన్ కొట్ల లైసెన్సుల్లో మన వాటా ఎంత అన్నది యింకా అడగాల్సిన ప్రశ్నే.

శుద్ధి పరిశ్రమ గురించి ఆశలు చాలా పెడతారు గానీ, బత్తాయి రసం తీసి వుంచితే చేదెక్కుతుంది. కాబట్టి ఎక్కువ కాయ యిప్పటికీ తాజాగానే అమ్ముడవుతుంది, రైతు మండీ దయ మీదే వుంటాడు.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాం. మాదిగామె ఏరిన నిమ్మకాయ దండై అమ్మవారి మెడలో పడుతుంది, పచ్చడై అగ్రకులాల విస్తట్లో పడుతుంది. కాయకు అంటని మైల ఆ చేతికి ఎట్లా అంటింది? దీనికి జవాబు చెట్టులో లేదు, భూమి పట్టాల్లో వుంది. అందుకే తోటల మీద చర్చ దిగుబడితో ఆగకూడదు. నీళ్లున్న భూమి, కోత కూలి, మండీలో కొట్టు, ఈ మూడింటినీ కలిపి అడగాలని మా అభిప్రాయం.